అంతరింద్రియాల అయ్యగారు

జూన్ 9, ఆదివారం

తమ్ముడికి ఇంకో ఇల్లు ఉంది!

రాసిన వాక్యాన్ని నేనే మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాను. ఇంకో ఇల్లు. ఇంకో మనిషి. ఒక తల్లి కడుపున పుట్టాం, ఒక కంచంలో తిన్నాం, నాకు తెలియలేదు.

పొద్దున మాంసం కొట్టు కట్టేసి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, టైర్ల గోదాము పైనున్న మా ప్రార్థన హాలుకు వెళ్లేటప్పటికి నా మనసు తేటగా ఉంది. అంశం అంతరింద్రియాలు. అది నా అంశం. దేవుడు హృదయాన్నీ అంతరింద్రియాలనూ పరీక్షిస్తాడన్న ఆ ఒక్క మాట మీద నేను ఎన్ని ఆదివారాలైనా నిలబడగలను. మనసు ముందు గది, బుద్ధి దాని వెనక గది, చిత్తం ఆ వెనక గది, అహంకారం తాళం వేసిన గది. ఆ తాళం ఆయన తీస్తాడు! నన్ను అంతరింద్రియాల అయ్యగారు అంటారు జనం. వెక్కిరింపుగా అనేవాళ్లూ ఉన్నారు. అననీ.

తమ్ముణ్ణి ముందుకు పిలిచాను. రెండు కిడ్నీలూ చెడిపోయి, యంత్రం మీద రక్తం కడిగించుకుంటూ బతుకుతున్నాడు. మరదలు తన కిడ్నీ ఇస్తానంది, పరీక్షల్లో సరిపోయింది కూడా. మంచిదే. కానీ కత్తి కంటే ముందు ఒప్పుకోలు! రోగానికి వేరు ఉంటుంది, వేరు లోపల ఉంటుంది. నిలబడి చెప్పడం మా హాలు పద్ధతి.

కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. బస్సు నడుపుతూ ప్రయాణికుల్ని బూతులు తిట్టానన్నాడు. అది చర్మం, ఇంకా లోపలికి అన్నాను. పోయిన అమ్మను మళ్లీ చంపి డిపోలో సెలవు పెట్టానన్నాడు. జనం నవ్వారు. బల్ల గుద్దాను. "ఇంకా లోపలికి! నాలుగో గది తెరువు!" వాడికి చెమటలు పోశాయి. నా వంక చూశాడు, కుర్చీ వంక చూశాడు, మళ్లీ నా వంక చూశాడు.

"నా దగ్గర రెండు తాళంచెవులున్నాయి" అన్నాడు.

వాడి బస్సు వెళ్లే అవతలి ఊళ్లో నీలం తలుపు ఇల్లట. పంజరంలో చిలుకట. ఒక ఆవిడట.

హాలంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. మరదలు లేచింది, సంచి భుజాన వేసుకుంది, మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను రెండు చేతులూ ఎత్తి అరిచాను, "వేరు బయటపడింది!" తమ్ముడు కూర్చున్నాడు.

తమ్ముడి పాపం చూసి నిర్ఘాంతపోయాను. నిజం. కానీ గుండెలో ఏదో తేలిక కూడా ఉంది. దాన్ని గెలుపు అనను. కృప అంటాను.


జూన్ 10, సోమవారం

మరదలు వాళ్ల అక్క ఇంట్లో ఉంది. ఫోన్ చేసింది.

"బావగారూ, ఆసుపత్రివాళ్లకి మీరే చెప్పండి. నాది ఇవ్వను."

"అమ్మా, క్షమించడం..."

"నీలం తలుపావిడని అడగమనండి." పెట్టేసింది.

ఇలా అవుతుందనుకోలేదు. ఎలా అనుకుంటాను?


జూన్ 11

తమ్ముడి కాళ్లు ఇంకా వాచే ఉన్నాయి. పాపం బయటికొచ్చాక నీరు ఎందుకు తీయలేదు ప్రభువా?


జూన్ 13, గురువారం

ఇవాళ నా చెవులతో నేను విన్నది రాస్తాను.

మరదలు రావడం లేదు గనక తమ్ముణ్ణి నేనే తీసుకెళ్లాను. రక్తం కడిగే గదిలో వరసగా కుర్చీలు, కుర్చీ పక్కన యంత్రం, యంత్రం నుంచి చేతికి ఎర్రటి గొట్టాలు. ఇంతమంది దిగాలుగా కూర్చుని ఉంటే నేను నోరు మూసుకుని ఉండగలనా? గ్రంథం తెరిచాను.

"దేవుడు మీ అంతరింద్రియాలను పరీక్షిస్తాడు! ఈ గదిలో ఎవరి అంతరింద్రియాలు శుద్ధిగా ఉన్నాయి? చెప్పండి!"

తమ్ముడి పక్క కుర్చీలో ఒక ముసలాయన ఫక్కున నవ్వాడు. "ఎవరివీ లేవండీ. ఉంటే ఇక్కడికెందుకొస్తాం?"

"మీకు నవ్వులాటగా ఉందా?"

"కోపగించుకోకండి అయ్యగారూ. నేను పాత భాషల మాస్టర్ని. రిటైరయ్యాను. నా కిడ్నీలు నాకంటే ముందే రిటైరయ్యాయి. మీరు చెప్పే ఆ మాటకి హీబ్రూ మూలంలో ఏముందో తెలుసా?"

"మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం" అన్నాను గడగడా.

"అవి మనవాళ్లు పెట్టుకున్న లెక్క. అక్కడున్నది కిడ్నీలు."

"ఏమిటీ?"

"మూత్రపిండాలండీ. గుండెల్నీ మూత్రపిండాల్నీ పరీక్షిస్తాడు అని ఉంది. మనిషి రహస్యాలు, మనస్సాక్షి, దిగులు, అన్నీ అక్కడే ఉంటాయని ఆ కాలంవాళ్ల నమ్మకం. మనం గుండెల్లో పెట్టుకున్నానంటామే, అలాగ. మీ గ్రంథంలో బలుల అధ్యాయం తీయండి. మేక కొవ్వు, దాని మూత్రపిండాలు బలిపీఠం మీద కాల్చాలని ఉంటుంది కదా? అదీ ఇదీ ఒకటే మాట. మేక దగ్గర మన అనువాదకులు ఉన్నదున్నట్టు రాశారు. మనిషి దగ్గరికొచ్చేసరికి మొహమాటపడ్డారు."

అటు కుర్చీల్లో ఒకరిద్దరు నవ్వారు. నా తమ్ముడు కూడా, కళ్లు మూసుకునే.

"అబద్ధం!" అన్నాను.

నర్సు వచ్చింది. "అయ్యగారూ, మెల్లిగా. ఇక్కడ బీపీలు చూస్తున్నాం."

మాస్టారు గొంతు తగ్గించాడు. "మనవాళ్లే కాదులెండి, చాలా భాషలవాళ్లు అంతే. ఒకరు మనసన్నారు, ఒకరు అంతరంగం అన్నారు. దేవుడి నోట ఆ మాట పెట్టడానికి సిగ్గు. కానీ చివరి పుస్తకం గ్రీకులో ఉంది చూశారూ, అందులోనూ సిగ్గుపడకుండా అదే రాశారు. నెఫ్రోయి. అదుగో, అక్కడ."

గొట్టం లేని చేత్తో తలుపు చూపించాడు. తలుపు మీద బోర్డు. నెఫ్రాలజీ విభాగం.

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నా మాట. నా జీవితమంతా పట్టుకుని వేలాడిన మాట. తలుపు మీద, చెప్పులు బయట విడవండి అన్న కాగితం పక్కన!


జూన్ 14, శుక్రవారం

రెండు చోట్లా తీసి చూశాను. ఒకచోట మూత్రగ్రంథులు, ఒకచోట అంతరింద్రియాలు. నా గ్రంథంలో రెండోదాని కింద ఎర్ర గీతలు, అంచుల్లో నా రాతలు, చెమట మరకలు. మొదటి పేజీ కొత్తగా ఉంది. అది నా వృత్తి కదా, దాంట్లో కొత్తగా ఏముంటుందని తిరగేసేవాణ్ణి.

కొట్లో ఇవాళ మేకను తెరిచి ఆగిపోయాను. పేగులు వస్తాయి, కార్జం వస్తుంది, గుండె, ఊపిరితిత్తులు వస్తాయి. డొల్ల అయిపోయిందనుకున్నాక, చిట్టచివర, వెన్నుకు ఆనుకుని, తెల్లటి కొవ్వులో పొట్లం కట్టినట్టు అవి. వేలు పెట్టి కొవ్వు చీలిస్తే గాని కనబడవు. ఎవరో కావాలని దాచినట్టు ఉంటాయి.

ఆ మాట పుట్టించినవాళ్లు చదువుకున్నవాళ్లు కారు. బలిపీఠం దగ్గర మోచేతుల దాకా రక్తంతో నిలబడ్డవాళ్లు. నాలాంటి కసాయివాళ్లు. అన్నిటికంటే లోపల దాగింది ఇదే, మనిషి దాచుకునేది కూడా ఇక్కడే ఉంటుందని అనుకున్నారు. రోజూ అదే చేత్తో తీసి, విడిగా అడిగేవాళ్లకి పొట్లం కట్టి ఇచ్చి, ఆదివారం గాలిలో నాలుగు గదుల మేడ కట్టాను నేను!

"అయ్యగారూ, కొడతారా, మేకతో మాట్లాడతారా?" అంది కొట్టుకీ హాలుకీ వాడుకగా వచ్చే ఇస్త్రీ ఆవిడ.

అయితే ఒకటి. దేవుడు పరీక్షించేది కిడ్నీలనే అనుకుందాం. తమ్ముడికి చెడింది అవే కదా? పరీక్షలో తేలింది కదా? అంటే నేను చెప్పింది మరింత నిజమైంది. మాట మారినా బోధ మారలేదు.

మారలేదు.


జూన్ 16, ఆదివారం

గొంతు బాగోలేదని చెప్పి కీర్తనలు పాడించి పంపేశాను. గొంతు బాగానే ఉంది.


జూన్ 17, సోమవారం

డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. "మీ తమ్ముడి భార్య వెనక్కి తగ్గారు. అలా యంత్రం మీద ఎక్కువ కాలం లాగలేడు, గుండె బలహీనపడుతోంది. మీ ఇద్దరి రక్తం గ్రూపు ఒకటే. మీరు పరీక్ష చేయించుకుంటారా?"

"వాక్యం అడిగి చెబుతాను" అన్నాను.

"ఎవర్ని అడిగి?"

"వాక్యాన్నండీ."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "తొందరగా అడగండి."

ఇంటికొచ్చి, ఎప్పుడూ చేసినట్టే, కళ్లు మూసుకుని గ్రంథం తెరిచి వేలు పెట్టాను. వేలు ఎక్కడ పడితే అది ఆజ్ఞ. కొట్టు పెట్టింది అలాగే, పెళ్లి చేసుకుంది అలాగే. వేలు బలుల అధ్యాయంలో పడింది. మూత్రగ్రంథులను, వాటి మీది కొవ్వును తీసి అర్పించడం. ఇది మేక సంగతి, నాకు వర్తించదు. మళ్లీ తెరిచాను. యుద్ధంలో చచ్చినవాళ్ల లెక్కలు. ఇదీ కాదు. మళ్లీ తెరిచాను. నదులు, పొలిమేరలు.

జవాబు రాలేదు. వేచి ఉండమనే అర్థం.

నాకు భయం లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కత్తితో బతికినవాణ్ణి.


జూన్ 19, బుధవారం

మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, నా మొహం చూడకుండా అంది. "ఏవండీ, ఆ చిలుక మీదే కదా?"

"ఏ చిలుక?"

"మీ తమ్ముడు చెప్పిన చిలుక. రెండు తాళంచెవుల మనిషి అని మీరో కథ చెప్పేవాళ్లు. వర్షాకాలంలో చెప్పారు, గట్టి వాన, హాల్లో కురిసి బెంచీలు జరుపుకున్నాం. నీలం తలుపు, పంజరంలో చిలుక. అవతలి ఊరు. అంతా అదే."

ముద్ద చేతిలో ఉండిపోయింది. నిజమే. ఆ కథ నాది. నేనే కల్పించాను. అహంకారమనే గదికి తాళం సంగతి చెప్పడానికి, రెండు తాళంచెవులు కావలసి వచ్చి! చిలుక ఎందుకు పెట్టానో నాకే తెలియదు. ఇంట్లో ఏదైనా ఉంటే బాగుంటుందని పెట్టాను.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

"చెప్పలేదేం?"

"మీరు చేతులెత్తి అరుస్తున్నారు."


జూన్ 20, గురువారం

యంత్రం తిరుగుతుండగా తమ్ముణ్ణి అడిగాను. మాస్టారు నిద్రపోతున్నాడు, లేదా నిద్ర నటిస్తున్నాడు.

"ఒరేయ్, ఆ ఇల్లు ఎక్కడ?"

"ఏ ఇల్లన్నయ్యా?"

"నీలం తలుపు."

వాడు పైకప్పు వంక చూశాడు. "నీ దగ్గరే ఉంది."

"మరి ఎందుకు చెప్పావురా?"

"కూర్చోనిస్తావని."

అర్థం కాలేదన్నాను.

"కాళ్లు లాగేస్తున్నాయన్నయ్యా. కళ్లు తిరుగుతున్నాయి. చిన్నవి చెబితే చర్మం అంటావు, ఇంకా లోపలికి అంటావు. నా లోపల ఇంకేం లేదు. ఉన్నవి రెండూ చెప్పేశా. నీకు కావలసినంత పెద్దది నా దగ్గర లేదు. నీ దగ్గరదే తీసి ఇచ్చా. కూర్చోనిచ్చావు."

యంత్రం మీది అంకెల వంక చూశాను.

"మీ ఆవిడకి చెప్పలేదా?"

"చెప్పా. దేవుడి ముందు నిలబడి ఒప్పుకున్నవాడు ఫోన్లో కాదంటే ఎవరు నమ్ముతారంది. అదీ నిజమే కదా." గొట్టం సర్దుకుంటూ అన్నాడు. "చిలుక పేరేంటని అడిగింది. అదొక్కటీ నువ్వు చెప్పలేదు. తడుముకున్నా. దాంతో గట్టిగా నమ్మింది."

మాస్టారి భుజాలు కదిలాయి. నవ్వో, ఏడుపో.


జూన్ 22, శనివారం

మరదలి అక్క ఇంటికి వెళ్లాను. వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. లోపలికి రమ్మనలేదు. తడి దుప్పటికి అటు ఆమె, ఇటు నేను.

మొత్తం చెప్పాను. కథ నాదని, చిలుక నాదని. ఆమె దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత క్లిప్పు పెట్టింది. ఇంకో క్లిప్పు పెట్టింది.

"ఆ కథ చెప్పినప్పుడు నేను లేను. పుట్టింటికెళ్లా" అంది. "ఉండుంటే అప్పుడే నవ్వేదాన్ని. ఈయనకి ఉన్న ఇంటి తాళమే ఎక్కడ పెట్టాడో గుర్తుండదు. రెండోది కూడానా!"

నవ్వింది కదా అని ధైర్యం వచ్చింది. "అయితే అమ్మా, ఇంటికి పద. డాక్టరమ్మకి చెప్పేద్దాం. నీ పరీక్షలన్నీ అయిపోయే ఉన్నాయి కాబట్టి..."

దుప్పటి పక్కకి లాగి నా మొహంలోకి చూసింది.

"ఇంటికి వస్తాను. నాది ఇవ్వను. మీరివ్వండి."

"నేనా?"

"మీరు ఆయన లోపల లేనిదాన్ని బయటికి లాగారు బావగారూ. ఇప్పుడు లోపల ఉండాల్సినదాన్ని పెట్టండి. ఆయనకి ఏమన్నా అయితే నాది ఎటూ ఉంది. ముందు మీది."

ఇంత పొట్టి ప్రసంగం నేనెప్పుడూ వినలేదు.


జూన్ 23, ఆదివారం

హాల్లో చెప్పేద్దామనే వెళ్లాను. కొత్తవాళ్లు కొందరు వచ్చారు. కొత్తవాళ్ల ముందు ఎందుకని ఆగాను. వచ్చే వారం.


జూన్ 24, సోమవారం

రక్తం ఇచ్చాను. మూత్రం ఇచ్చాను. చిన్న సీసా. దాన్ని చేత్తో పట్టుకుని నడవాలో నలుగురి ముందూ నడవాలి. గ్రంథం చంకలో, సీసా చేతిలో.

మాస్టారు చూశాడు. "అంతరింద్రియాల పరీక్షేనా అయ్యగారూ?"


జూన్ 27

మళ్లీ వేలు పెట్టలేదు. మొదటిసారే పడింది.

భయంగా ఉంది.


జూన్ 30, ఆదివారం

వచ్చే వారం.


జూలై 5, శుక్రవారం

పరీక్షలన్నీ వచ్చాయి. డాక్టరమ్మ తెర తిప్పి చూపించింది. నల్లటి దానిలో తెల్లగా రెండు. నావి! మేకవాటికంటే పెద్దవి, అంతే తేడా.

"అద్దంలా ఉన్నాయండీ మీ కిడ్నీలు. ఒక్క మచ్చ లేదు. ఈ వయసులో ఇలాంటివి చూసి చాలా కాలమైంది."

తెర దగ్గరికి వంగి చూశాను. "ఇంకేమీ కనబడలేదా అమ్మా?"

"ఇంకేం కనబడాలి?"

ఏం చెబుతాను? తమ్ముణ్ణి ముందుకు పిలిచినప్పుడు జనం మెడలు సాచి చూస్తే లోపల తీపిగా అనిపించింది. మరదలు మెట్లు దిగుతుంటే ఆపలేదు. ఈ కత్తి నా మీదికి రాకుండా దేవుడి పేరు అడ్డం పెట్టుకున్నాను. ఇవన్నీ ఉన్నాయి. నాకు తెలుసు. తెర మీద లేవు.

బూతులు తిట్టి, అబద్ధం చెప్పి సెలవు పెట్టిన బస్సు డ్రైవరుకి రెండూ పోయాయి. నాకు రెండూ అద్దంలా ఉన్నాయి. పాపం చేస్తే అక్కడ చెడుతుందన్న నా బోధ నిలవాలంటే ఈపాటికి నావి బూడిదై ఉండాలి.

పాత మాట తప్పు కాదు. దాని మీద నేను కట్టింది తప్పు. ఆయన పరీక్షిస్తాడని ఉంది. చెడగొడతాడని ఎక్కడా లేదు. మొదటి నుంచి చివరి దాకా వెతికాను. లేదు! ఆ ముక్క నాదే. చిలుకలాగే.


జూలై 7, ఆదివారం

చెప్పాను.

బల్ల గుద్దలేదు. నిలబడి, గ్రంథం రెండు చోట్లా తెరిచి చదివి, రెండూ ఒకటే మాటని చెప్పాను. మూత్రపిండాలు అన్నాను. ఆ మాట ఆ బల్ల దగ్గర ఎప్పుడూ పలికి ఎరగను. ముందు వరస బామ్మగారు చెవులు మూసుకుంది. "అయ్యగారూ, పిల్లలున్నారు!" పిల్లలు పగలబడి నవ్వారు.

తర్వాత తమ్ముడి సంగతి. రెండో ఇల్లు లేదని, ఆ కథ నేనే కల్పించానని, నిలబడలేక వాడు నా కథే నాకు అప్పజెప్పాడని చెప్పాను. ఇప్పుడు కేకలేస్తారు, లేచిపోతారు అనుకున్నాను. ఎవరూ లేవలేదు. ఇస్త్రీ ఆవిడ మాత్రం అంది.

"ఆ చిలుక మాకు గుర్తేనండీ. వానొచ్చిన రోజు చెప్పారు."

నేను చుట్టూ చూశాను. తలలు వంచుకుంటున్నారు. ఒకరు కాదు ఇద్దరు కాదు. సగం హాలు!

"తెలిసీ ఊరుకున్నారా? ఆ పిల్ల అలా లేచి వెళ్లిపోతుంటే?"

మళ్లీ ఆవిడే, "చెబితే మమ్మల్ని నిలబెడతారని" అంది.

నేను ఇంతవరకూ అనుకున్నది వాళ్లు వాక్యానికి వణుకుతున్నారని.

బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. నా హాల్లో, వినేవాళ్ల వరసలో, మొదటిసారి. గోదాము యజమాని, ఈ హాలు మాకు ఇచ్చిన పెద్దాయన, వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి. కీర్తనలు మేం చూసుకుంటాం." కొన్నాళ్లంటే ఎన్నాళ్లో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మెట్ల దగ్గర మరదలు తమ్ముడి చెప్పులు పట్టుకుని ఉంది, వాచిన కాళ్లకి అవి పట్టక. నా చేతికి ఒక చెప్పు ఇచ్చింది. ఒక కాలికి నేను తొడిగాను, ఒక కాలికి ఆమె.


జూలై 8, సోమవారం

తమ్ముడు వద్దంటున్నాడు!

"వద్దన్నయ్యా. నీది పెట్టుకుంటే ఇరవై నాలుగ్గంటలూ లోపలినుంచి ప్రసంగం చేస్తుంది. ఇంకా లోపలికి, ఇంకా లోపలికి అంటుంది. ఇంకెంత లోపలికి పోతాను?"

మాస్టారు నవ్వి నవ్వి దగ్గాడు. నర్సు పరిగెత్తుకొచ్చింది. మరదలు తమ్ముడి నెత్తి మీద ఒక్కటి మొట్టింది. "ఇస్తుంటే మూసుకుని తీసుకో."

నేను నవ్వలేదు. వాడి చెయ్యి పట్టుకున్నాను, గొట్టం లేని చెయ్యి. "మాట్లాడదురా" అన్నాను. "నేను హామీ."

"నీ హామీయా?" అని, మరదలి వంక చూసి, "సరే" అన్నాడు.


జూలై 25

మాస్టారి కుర్చీలో ఇవాళ వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. నర్సు చెప్పింది. ఆదివారం పోయాడట.

ఆయనకి కిడ్నీ ఇచ్చేవాళ్లు ఎవరూ లేకపోయారట. అడిగారా అన్నాను. ఎవర్నీ అడగలేదట, మొహమాటపడి.

చాలాసేపు ఆ బోర్డు కింద నిలబడ్డాను.


ఆగస్టు 6, మంగళవారం

రేపు కోస్తారు.

ఇక్కడ మంచం పక్క బల్ల మీద గ్రంథం ఉంది. తెరవలేదు. వేలు పెట్టాల్సిన పని లేదు. డాక్టరమ్మ వచ్చి నా ఎడమ పక్కన వెనకగా స్కెచ్ పెన్నుతో గీత గీసింది. చల్లగా ఉంది. మేకకు నేను కత్తి ఎక్కడ పెడతానో దాదాపు అక్కడే.

"భయమా?" అంది.

"అవునమ్మా" అన్నాను. ఆ మాట అనేసరికి కాస్త తగ్గింది. ఇంతకాలం భయం లేదని రాసుకున్న పేజీలు ఈ పుస్తకంలోనే ఉన్నాయి. చింపను.

మా ఆవిడ నా మొలతాడు తీసి చీర కొంగున ముడేసుకుంది. "తొందరగా రండి" అంది, సంతకు పంపుతున్నట్టు.


ఆగస్టు 9, శుక్రవారం

రాస్తుంటే కుట్లు లాగుతున్నాయి. కొంచెమే.

నిన్నంతా మగత. ఇవాళ చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి అద్దాల గది దాకా తోసుకెళ్లారు. అవతల తమ్ముడు, మూతికి గుడ్డ. మరదలు ఇటువైపు అద్దానికి నుదురు ఆనించి నిలబడి ఉంది. నన్ను చూసి పక్కకి జరిగింది. "చూడండి బావగారూ" అంది.

లోపల నర్సు వంగి, మంచం కింద వేలాడుతున్న సంచి ఎత్తి మాకు చూపించింది. నిండా పసుపు నీరు. తేటగా. వెలుగు దాంట్లోంచి పోతోంది.

ఎన్ని నెలలుగానో వాడి ఒంట్లోంచి ఒక్క చుక్క రాలేదు.

మోకాళ్ల మీద పడదామంటే కుట్లు. చేతులెత్తుదామంటే సెలైను. కూర్చున్న చోటే అరిచాను, నాకు తెలిసిన స్తోత్రాలన్నీ పోయి ఆ ఒక్కటే నోటికొచ్చింది. "మూత్రం! ప్రభువా, మూత్రం!"

నడవాలో అందరూ తిరిగి చూశారు. మరదలు నవ్వుతూ ఏడుస్తూ నా నోరు మూసింది. "మెల్లిగా బావగారూ, ఆసుపత్రి ఇది."

అద్దం అవతల తమ్ముడు ఫోన్ తీశాడు. మరదలి ఫోన్ మోగింది. ఆమె దాన్ని నా చెవి దగ్గర పెట్టింది. వాడి గొంతు నీరసంగా, దగ్గరగా వచ్చింది.

"అన్నయ్యా, ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. దాని పని అది చేసుకుంటోంది."